వరుసలో బండి, జేబులో తాళంచెవి

అన్న ట్రాక్టరు నేను నడిపింది ఆ ఒక్క మామిడి సీజన్‌లోనే. అదీ ఇష్టపడి కాదు. డ్రైవరు ఇంట్లో పెళ్ళి. కోత కూలీలు దొరికింది ఆ పొద్దే, కాబట్టి అన్న తోట వదిలి రాలేడు. ముందురోజు కోసిన తోతాపురి కాయలు ట్రాలీ నిండా ఉన్నాయి. వాటిని పూతలపట్టు దాటాక ఉన్న గుజ్జు ఫ్యాక్టరీకి చేర్చాలి.

"నువ్వే తోలుకోని పో," అన్నాడు అన్న.

"నాకు ఆఫీసు పని ఉండాదన్నా."

"నీ పని ఆ ఫ్యాక్టరీలోనే కదరా ఉండాది. అంతా నా సర్వరే సూసుకుంటాది అంటివి. నువ్వు ఊరికే బండి మింద కూర్చోవడమే."

అందులో ఎత్తిపొడుపు ఉందో లేదో అన్న మాటల్లో ఎప్పుడూ తేల్చుకోలేం. నేను చదువుకునే రోజుల్లో పాకాల నుంచి రైలెక్కి తిరుపతి కాలేజీకి పోయేవాణ్ణి. ఎండాకాలం సెలవుల్లో ఇంటికొస్తే కాయలు తినేవాణ్ణి. అవి అమ్ముడుపోయేదాకా ఫ్యాక్టరీ ముందు వరుసలో నిలబడింది మాత్రం అన్నే. నాయన ఉన్నప్పుడూ అన్నే, నాయన పోయాకా అన్నే. నేను ఒక్కసారి కూడా ఆ వరుసలో నిలబడకుండానే ఆ వరుస కోసం సర్వరు రాశాను. ఈ మాట రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. అప్పట్లో అది నాకు తట్టనైనా లేదు.

మాది తిరుపతిలో చిన్న ఆఫీసు. నేనూ, సత్యవేడు వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయీ కలిసి సర్వర్లు రాసే పని చేస్తాం. ఒకేసారి వేలమంది ఫోన్ల నుంచి అడిగినా తడబడకుండా బదులు చెప్పే సర్వర్లు రాయడం నాకు బాగా వచ్చని నా నమ్మకం. ఆ నమ్మకంతోనే అన్న బాధను ఒకసారి నెత్తిన వేసుకున్నాను.

అన్న బాధ ఏమిటంటే, ఫ్యాక్టరీ గేటు దగ్గర కాగితం చీట్లు ఇచ్చేవాళ్ళు. చీటీ నంబరు ప్రకారమే లోపలికి పోవాలి. కానీ గేటులో తెలిసినవాళ్ళుంటే వెనక వచ్చిన బండి ముందు పోయేది. ఎండలో నిలబడిన కాయ మెత్తబడేది. మెత్తబడిన కాయను ఫ్యాక్టరీ వద్దనేది. అందుకని నేను ఒక పద్ధతి చెప్పాను. రోడ్డు మలుపులో వరుస మొదలయ్యేచోట ఒక షెడ్డు, అందులో కెమెరా. బండి రాగానే లోడును ఫోటో తీసి సర్వరులో దాచుకుంటుంది, రైతు ఫోనుకు టోకెను నంబరు పంపుతుంది. వరుస ఎందాకా వచ్చిందో ఎవరైనా ఫోనులో చూసుకోవచ్చు. మధ్యలో ఎవరూ దూరలేరు, ఎందుకంటే అందరూ చూస్తూ ఉంటారు.

ఈ పద్ధతికి ఒప్పుకోమని అన్న చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగాడు. "మా తమ్ముడు రాసినాడు, అది ఆగదు," అని చెప్పాడు. అలా చెప్పమని చెప్పింది నేనే. ఫ్యాక్టరీ మేనేజరు మాత్రం తలాడించి, "సూస్తామప్పా. ఇది మొరాయించిందంటే మల్లా చీట్లే," అన్నాడు. చీట్లు వస్తే పాత రోజులూ వస్తాయి. అన్న మాట పోతుంది, దాంతోపాటు అతన్ని నమ్మినవాళ్ళ కాయలూ పోతాయి.

సర్వరు ఎలా పనిచేస్తుందో కొంచెం చెప్పాలి, లేకపోతే నా తప్పు ఎక్కడుందో తెలియదు. నేను రాసినదాంట్లో ఒకే ఒక్క పనివాడు ఉన్నాడనుకోండి. అతను ఎవరి దగ్గరా నిలబడడు. ఒక ఫోను నుంచి సగం మాటే వచ్చిందా, మిగతా సగం వచ్చినప్పుడు చూద్దామని పక్క ఫోనుకు పోతాడు. అలా తిరుగుతూనే ఉంటాడు కాబట్టి ఒక్కడే వేలమందికి చాలుతాడు. నెట్‌వర్కు విషయంలో ఇది చక్కగా కుదురుతుంది. "ఇంకా రాకపోతే నన్ను నిలబెట్టొద్దు, వెంటనే చెప్పెయ్యి" అని ఒక గుర్తు పెడితే చాలు, ఆపరేటింగ్ సిస్టం ఆ మాట పాటిస్తుంది.

చిక్కంతా ఫైళ్ళ దగ్గరే. డిస్కులో ఉండే ఫైలుకు కూడా అదే గుర్తు పెట్టవచ్చు. ఆపరేటింగ్ సిస్టం కాదనదు, తప్పు అనీ చెప్పదు. సరేనన్నట్టు ఊరుకుని, రాసేటప్పుడు మాత్రం మామూలుగానే నిలబెడుతుంది. ఫోటో డిస్కులోకి చేరేదాకా పనివాడు అక్కడే నిలబడాలి. ఆ కాసేపూ మిగతా ఫోన్లకు జవాబిచ్చే నాథుడు ఉండడు.

ఈ సంగతి ఆ అమ్మాయి నాకు ముందే చెప్పింది. "సార్, ఫైలు కాడ ఆ గుర్తు పని చేయదు సార్. నిలబడిపోతాది," అంది. నేను తల ఎత్తకుండానే, "నేను పెట్టినాను కదమ్మా, ఆగదు," అన్నాను. ఆఫీసులో పరీక్ష చేస్తే నిజంగానే ఆగలేదు. ఎందుకంటే రాసినది ముందు మెమరీలోకి పోతుంది, కొద్దిపాటి ఫోటోలయితే డిస్కు కోసం ఎదురుచూడాల్సిన పనే ఉండదు. మెమరీ నిండాకే అసలు సంగతి బయటపడుతుంది. ఆ అమ్మాయి అది కూడా చెప్పబోయింది. నాకు ఫోను వచ్చిందని చేయి అడ్డం పెట్టాను.

ఇంట్లోనూ నా తీరు అదే. కూతురు ఏదో చెప్పడానికి వచ్చి తలుపు పట్టుకుని నిలబడితే "ఒక్క నిమిషం" అంటాను. నేను వినను, తనను పోనివ్వను. ఆ నిమిషంలో పిల్లకు చెప్పాలన్న సరదా పోతుంది.

ఆ పొద్దున నేను మలుపు చేరేసరికి ట్రాక్టర్లు రోడ్డు పొడుగునా ఉన్నాయి. సీజన్ మంచి ఊపులో ఉంది. తొడిమల నుంచి కారిన జీడి వాసన, డీజిలు వాసన కలిసి గొంతులో గీరుకుంటున్నాయి. షెడ్డులో నా లోడు ఫోటో తీశారు, టోకెను వచ్చింది. నాలో నేనే మురిసిపోతూ వరుసలో కలిశాను. కాసేపటికి ఫోను తెరపై చక్రం తిరగడం మొదలైంది. తిరుగుతూనే ఉంది. వరుస పొడుగునా జనం ఫోన్లు పైకెత్తి అటూ ఇటూ తిప్పుతున్నారు.

నా వెనక బండి పాకాల నుంచి వచ్చిన ఒకాయనది. తలకు తువ్వాలు చుట్టుకుని, ఫోను నా వైపు చూపించాడు.

"ఏమబ్బా, నీ ఫోన్లోనన్నా వస్తాందా?"

"లేదన్నా. టవరు సరిగ్గా లేదేమో," అన్నాను.

టవరు సంగతి నాకేమీ తెలియదు. సర్వరు నాదని చెప్పుకునే ధైర్యం లేక అలా అనేశాను. ఇంజను ఆపి, తాళంచెవి జేబులో వేసుకుని, గేటు పక్కన ఉన్న గదికి గబగబా నడిచాను.

సీజన్ అంతా ఆ అమ్మాయి ఆ గదిలోనే ఉండి సర్వరును చూసుకునేది. నేను పోయేసరికి ఆమె ముందు తెర మీద అక్షరాల వరుస ఒకటి కదలకుండా ఉంది.

"ఫోటో రాసేదాని కాడ నిలబడి ఉండాది సార్," అంది. "గేటు కెమెరాల రికార్డింగు కూడా ఈ డిస్కులోకే పోతాంది. డిస్కు రెండిట్నీ మోయలేక పోతాంది. మనది ఆడ నిలబడింది, బయట అందరూ నిలబడినారు."

"నెట్‌వర్కు చూసినావా?"

"సూసినా సార్. బాగుండాది."

నేను మళ్ళీ నెట్‌వర్కే చూశాను. ఆమె పక్కకు జరిగి చోటిచ్చింది. ఇంతలో మేనేజరు వచ్చాడు. గేటువాళ్ళతో, "నంబరు మెసేజీ వచ్చినోళ్ళను సూసి సూసి లోపలికి తోలండి," అని కేకేసి, నా వైపు తిరిగాడు. "పొద్దుకూకేలోపల ఇది సరిగ్గా నడవకపోతే రేపట్నుంచి చీట్లేనప్పా. నేను జనంతో తిట్లు తినలేను."

కిటికీలోంచి చూస్తే వరుస ముందు భాగం కదిలింది. కాసేపటికి రోడ్డు మీద అరుపులు వినిపించాయి. నేను తెర మీద నుంచి కన్ను తీయలేదు. తర్వాత కిటికీ ఊచల అవతల పాకాల ఆయన ముఖం కనిపించింది.

"ఈడ ఉండావా? ఆ నీలం ట్రాక్టరు నీదే కదబ్బా? ముందర ఖాళీ అయిపోయి, వెనక అంతా నిలబడిపోయి ఉండారు."

"నాదే అన్నా."

"బీగం యాడ?"

నేను జేబు తడిమి తీశాను. ఆయన నా చేతినీ, చేతిలోని తాళంచెవినీ, మళ్ళీ నన్నూ చూశాడు.

"బండిని ఆడ నిలబెట్టి బీగం ఈడికి ఎత్తుకోని వచ్చినావా? ట్రాలీని గూడా సంకలో పెట్టుకోని రావాల్సింది."

ఆయన వెనక నిలబడ్డవాళ్ళు నవ్వారు. ఒకతను, "కాయలు ఎవురన్నా ఎత్తుకుపోతారని భయమేమో లేబ్బా. ఈడ ఎవురికీ కాయలు లేవు కదా," అన్నాడు. నవ్వు పెద్దదైంది.

"మా బీగాలన్నీ బండ్లలోనే ఉండాయప్పా," అన్నాడు పాకాల ఆయన. "నేను టీ తాగను పోతే నా బండి నువ్వు తోలుతావు, నువ్వు పోతే నేను తోలుతాను. యా ఊరు మీది?"

ఊరు చెప్పాను. అన్న ఫలానా అని చెప్పాను.

"ఆయన తమ్ముడివా?" ఆయన గొంతు మారింది. "ఆయన ఎన్నడూ బీగం తీసుకోని పోడే. మరి ఈ టోకెన్ల పని చేసింది నువ్వేనా?"

"నేనే అన్నా."

"అట్లయితే తప్పు టవరుది కాదన్నమాట."

ఈసారి ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే కొంచెం తేలికగా ఉండేది. నేను ట్రాక్టరు దగ్గరికి పరిగెత్తాను. నా బండి ముందు రోడ్డు ఖాళీగా ఉంది. వెనక బండ్లన్నీ ఎండలో ఆగి ఉన్నాయి. ఇంజను వేసి గేటు దాకా తెచ్చాను. వెనక కదులుతున్న బండ్లను తిరిగి చూశాను. కొన్నింటిని నడిపేవాళ్ళు వాటి సొంతదారులు కారని అప్పుడు తెలిసింది. సొంతదారులు చింతచెట్ల కింద పడుకుని ఉన్నారు, టీ అంగడి దగ్గర ఉన్నారు, ఒకాయన కాలువలో కాళ్ళు కడుక్కుంటున్నాడు. వాళ్ళ బండ్లు వాళ్ళు లేకుండానే ముందుకు పోతున్నాయి.

నేను మాత్రం బండిని నడపలేదు, నడిపేవాళ్ళకు ఇవ్వలేదు. డిస్కు దగ్గర నా పనివాడు చేస్తున్నది కూడా అదే. తాళంచెవి జేబులో వేసుకుని నిలబడ్డాడు. ఈసారి తాళంచెవిని బండిలోనే వదిలేసి గదికి తిరిగి వచ్చాను.

"నువ్వు అప్పుడు ఏదో రాసినట్టు చెప్పినావే, అది ఉండాదా?" అని అడిగాను.

ఆ అమ్మాయి పాత మెయిలు తీసి చూపించింది. "ఉండాది సార్. సీజన్‌కు ముందే పంపించినా. సీజన్ అయినాక సూద్దాం అన్నారు."

"నేను తెరిచి కూడా సూళ్ళేదు. తప్పు నాదే. ఇప్పుడు చెప్పమ్మా, వింటాను."

ఆమె కుర్చీ జరిపి చెప్పింది. నేను మధ్యలో నోరు తెరవలేదు. అది నాకు ఎంత కష్టమో ఆమెకు తెలిసినట్టే ఉంది, ఎందుకంటే మధ్యమధ్యలో ఆగి నా ముఖం చూసింది. ఆమె పద్ధతి సాదాగా ఉంది. తిరిగే పనివాడు తిరుగుతూనే ఉంటాడు. ఫోటో వస్తే దాన్ని తను రాయడు, ఫైళ్ళ పనికోసమే విడిగా పెట్టిన కొందరు పనివాళ్ళ వరుసలో వేసి పక్కకు పోతాడు. వాళ్ళు డిస్కు దగ్గర ఎంతసేపయినా నిలబడనీ, బయట ఎవరూ ఆగరు. ఫోటో, నంబరు నిజంగా డిస్కులో పడ్డాక వాళ్ళు ఒక కబురు పెడతారు. తిరిగే పనివాడు ఆ కబురు అందుకుని రైతుకు టోకెను పంపుతాడు. దీనివల్ల డిస్కు వేగం ఏమాత్రం పెరగదు. ఒకరి ఆలస్యం అందరి ఆలస్యం కాకుండా పోతుంది, అంతే.

నాకు నచ్చింది. అయినా పాత బుద్ధి ఊరుకోలేదు.

"ఒక పని చేద్దాం. ఫోటోను వరుసలో వేయగానే టోకెను పంపించేద్దాం. డిస్కులో పడేదాకా ఎందుకు? వాళ్ళు వెనకాల రాసుకుంటారు. రైతుకు చక్రం అసలు కనబడదు. మేనేజరు సంతోషపడతాడు."

"వద్దు సార్."

"ఎందుకు?"

"మధ్యలో కరెంటు పోతే? ఆ నంబరు ఆయన ఫోన్లో ఉంటాది, మన కాడ ఉండదు. అప్పుడు గేటులో ఏం చెప్తాం సార్?" అని, తెరనే చూస్తూ అంది. "మీరు అందరికీ అయిపోయింది అని చెప్పేస్తారు సార్. తరవాత నేను కూర్చోని చేస్తాను. సర్వరు అట్ల చెప్పేస్తే, వెనకాల చేసేదానికి ఎవరూ ఉండరు."

ఆమె గొంతులో కోపం లేదు. చాలాకాలంగా ఉన్న ఒక సంగతిని సందర్భం వచ్చింది కాబట్టి చెప్పినట్టుంది. నాకు అన్న గుర్తుకొచ్చాడు. ఊరూరా తిరిగి "అది ఆగదు" అని చెప్పిన అన్న. నేను పూర్తిచేయని పనిని పూర్తయిందని అతని నోట చెప్పించాను.

"నువ్వు చెప్పినట్టే పెట్టు," అన్నాను. "డిస్కులో పడినాకే టోకెను."

పాత సర్వరును ఆపి, అప్పటిదాకా ఇచ్చిన నంబర్లను సరిచూసి, ఆమె రాసినదాన్ని పెట్టేసరికి ఎండ నడినెత్తి నుంచి కొంచెం వాలింది. షెడ్డులో కొత్తగా వచ్చిన బండికి ఫోటో తీశారు. టోకెను రావడానికి కాస్త సమయం పట్టింది, నేను గోళ్ళు కొరుక్కున్నాను. కానీ ఆ కాసేపట్లో కిటికీ బయట ఎవరి ఫోనూ ఆగలేదు. వరుస ఎందాకా వచ్చిందో అందరికీ కనిపిస్తూనే ఉంది. తర్వాత టోకెను వచ్చింది.

మేనేజరు వచ్చి నిలబడి చూస్తుండగానే కరెంటు పోయింది. పెద్ద యంత్రాలు మొదలుపెట్టినప్పుడల్లా అక్కడ అది మామూలే. గదిలో సర్వరుకు పెట్టిన బ్యాటరీ ఎప్పుడు చచ్చిందో ఎవరూ చూసుకోలేదు, అందువల్ల సర్వరూ ఆరిపోయింది. జనరేటరు అందుకునేదాకా నేనూ ఆ అమ్మాయీ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

సర్వరు మళ్ళీ లేచింది. ఇచ్చిన టోకెన్లన్నీ ఉన్నాయి. షెడ్డులో ఒకాయన ఫోటో మాత్రం మధ్యలో పోయింది. అయితే ఆయనకు టోకెను ఇంకా పంపలేదు. మళ్ళీ ఫోటో తీయించుకోమని ఆయన ఫోను అడిగింది, ఆయన తీయించుకున్నాడు. ఆయన చోటు ఆయనకే ఉంది. నేను చెప్పినట్టు చేసి ఉంటే ఆయన చేతిలో ఎవరూ ఎరగని నంబరు ఒకటి ఉండేది.

పాకాల ఆయన కిటికీ దగ్గరికి వచ్చి తన ఫోను చూసుకున్నాడు. "ఉండాదప్పా," అన్నాడు మేనేజరుతో. "కరెంటు పోయినా ఉండాది."

మేనేజరు తల గోక్కున్నాడు. "సరే, ఇట్లే పోనీండి. చీట్లు అచ్చేసేవాడికి నేనింకా చెప్పలేదులే."

మా లోడు పొద్దుండగానే లోపలికి పోయింది. కాయలు గట్టిగానే ఉన్నాయి. నేను అన్నకు ఫోను చేశాను.

"అన్నా, పొద్దున ఆగిపోయినాది. తప్పు నాదే. నువ్వు ఊళ్ళల్లో చెప్పినప్పుడే అది సరిగ్గా లేదు, నేను సూసుకోలేదు."

"తెలుసు."

"ఎట్ల తెలుసు?"

"పాకాలాయన చెప్పినాడు. బీగం జేబులో పెట్టుకోని తిరిగినావంట." అవతల అన్న నవ్వు ఆపుకోవడం వినిపించింది. "ఇప్పుడు నడస్తాందా?"

"నడస్తాంది. మా ఆఫీసు అమ్మాయి రాసింది."

"అట్లనే చెప్తాలే అందరికీ. ఆ యమ్మే రాసిందని." వెంటనే, "రేపు ఇంకో లోడు ఉండాది. నువ్వే తోలుకోని పో," అన్నాడు.

ఇప్పుడు ఆఫీసులో సర్వరు పని అంతా ఆ అమ్మాయి చేతిలోనే ఉంది. ఈ మధ్య కొత్త యంత్రం మీద, చేయాల్సిన ఫైలు పనులన్నీ ఒక వరుసలో వేస్తే, అయినవి ఇంకో వరుసలో ఆపరేటింగ్ సిస్టమే తెచ్చిపెట్టే పద్ధతిని కట్టి చూపించింది. నాకు అది సగమే అర్థమైంది. మిగతా సగం రేపు చెప్పమని అడిగాను. కూతురికి "ఒక్క నిమిషం" అనడం పూర్తిగా పోలేదు. కానీ ఇప్పుడు, "పోయి ఆడుకో, నేనే వచ్చి పిలుస్తా," అంటున్నాను, పోయి పిలుస్తున్నాను కూడా. మొదటిసారి పిలిచినప్పుడు పిల్ల నమ్మలేనట్టు చూసింది.

తాళంచెవి గొడవ జరిగిన మరుసటి రోజు, అన్న చెప్పిన లోడుతో మళ్ళీ అదే మలుపులో నిలబడ్డాను. టోకెను వచ్చింది. ఇంజను ఆపాను. చేయి అలవాటుగా తాళంచెవి మీదికి పోయింది, వెనక్కి తీసుకున్నాను. దిగి టీ అంగడికి పోయాను. గ్లాసు అందుకుని తిరిగి చూస్తే నీలం ట్రాక్టరు మెల్లగా కదులుతోంది. తోలేది ఎవరో ఆ దూరం నుంచి ఆనవాలు పట్టలేకపోయాను. గ్లాసులో టీ ఇంకా సగం ఉంది.